రిజిస్టరులో రాయలేకపోయిన మాట

నాకు పోలండు దేశపు భాషలో రెండే రెండు మాటలు వచ్చు. ఒకటి 'నా స్తావే', రెండోది 'నా జాఫ్‌షే'. ఎవరైనా అడిగితే రెండింటికీ 'శాశ్వతంగా' అని అర్థం చెప్పి చాలాకాలం గొప్పలు పోయాను. ఆ అర్థం సగమే సరి. మిగతా సగం తెలుసుకోవడానికి చిత్తూరు నుంచి ఐరాలకు, ఐరాల నుంచి పాకాలకు, అక్కణ్ణుంచి రేణిగుంటకు ఒక్క పగట్లో పరుగెత్తవలసి వచ్చింది.

ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు, సర్వీసులో నువ్వు చేసిన పెద్ద తప్పేదో చెప్పు తాతా అంటారు. మాయమైన ఫైలో, పై అధికారితో తగాదానో వినాలని వాళ్ళ ఆశ. నా పెద్ద తప్పు మంచి మనసుతో చేసింది. అట్లాంటి తప్పుతో చిక్కేమిటంటే, చేసేటప్పుడు మనమీద మనకు ముచ్చటేస్తుంది. అందుకే మీకోసం రాస్తున్నాను.

యుద్ధం రోజుల్లో చిత్తూరులో ఒక సర్కారు ఆఫీసులో నాకు గుమాస్తా పని దొరికింది. జిల్లాలో ఉంటున్న పరాయిదేశస్థుల పేర్లు, వాళ్ళ రాకపోకలు ఒక పెద్ద రిజిస్టరులో రాసిపెట్టడం మా సెక్షను పని. యుద్ధంకోసం పెట్టిన సెక్షను కాబట్టి నా ఉద్యోగం కూడా టెంపరరీయే. ఆరునెలలకొకసారి ఆర్డరు పొడిగించేవాళ్ళు. మా నాయన మాత్రం వీధిలో అందరికీ "మావోడు ఖాయమైనాడప్పా" అని చెప్పేవాడు. ఆయన ఆ మాట చెప్పేటప్పుడు నేను చెప్పులు సర్దుకుంటూ కిందికి చూసేవాణ్ణి.

సెక్షనులో ఉండేది ముగ్గురం. పైన అధికారి. ఆయన మాట తక్కువ, సంతకం తొందర. ఆయన కింద మా హెడ్ గుమాస్తా. గుడియాత్తం వైపు మనిషి, అరవమూ తెలుగూ కలిపి మాట్లాడేవాడు. ముక్కుపొడుం పట్టు పట్టందే ఏ ఫైలూ తెరిచేవాడు కాదు. "రాసిందే నిజమప్పా, జరిగింది కాదు" అనేది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం. ఆయన కింద నేను.

మా రిజిస్టరులో ఎక్కువమంది మిషన్ ఆసుపత్రుల దొరలూ దొరసానులూ. వాళ్ళ మధ్యలో ఒకే ఒక్క పోలండు పేరు. నలభై ఏళ్ళ ఆడమనిషి. పలమనేరు దగ్గర చల్లగాలి తగిలే మిట్టమీద ఉన్న ఒక క్షయ ఆసుపత్రిలో రోగి. ఆమె భర్త సైనికుడు, ఎక్కడెక్కడో యుద్ధం చేసి చివరికి ఇంగ్లండు చేరాడు. కూతురు మాత్రం బొంబాయి వైపు ఒక సంస్థానంలో పోలండు కాందిశీకులకు కట్టిన శిబిరంలో ఉండేది. తల్లీకూతుళ్ళు ఇద్దరూ మొదట ఆ శిబిరంలోనే ఉన్నారు. తల్లికి దగ్గులో రక్తం పడితే ఇక్కడికి పంపించారు. పిల్లకు అప్పుడు తొమ్మిదేళ్ళు.

మూడునెలలకొకసారి నేను రిజిస్టరు చంకలో పెట్టుకుని పలమనేరు బస్సెక్కి ఆమె ఉనికి సరిచూసి రావాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు నా ఇంగ్లీషు తయారుచేసుకుని వెళ్ళాను. ఆమెకు నాకంటే తక్కువ ఇంగ్లీషు వచ్చు. కానీ వార్డు ఆయాల దగ్గర తెలుగు పట్టేసింది, అదీ మన సీమ తెలుగు. నన్ను చూడగానే "రాప్పా, కూర్సో. ఎండలో వచ్చినావు" అంది. ఇంత తెల్లని మనిషి నోట ఆ 'అప్పా' విని నవ్వాపుకోలేక నీళ్ళు కావాలని అడిగాను.

రిజిస్టరులో ఒక గడి ఉండేది: నివాసం టెంపరరీగానా, పర్మనెంటుగానా అని. నేను ప్రతిసారీ అడగాలి, ఆమె ప్రతిసారీ టెంపరరీ అనాలి. రెండోసారో మూడోసారో వెళ్ళినప్పుడు, మీ భాషలో పర్మనెంటును ఏమంటారమ్మా అని ఊరికే అడిగాను. ఆమె, రెండు మాటలుండాయప్పా అంది.

"గోడలో మేకు కొట్టినావు. గట్టిగా దిగింది, లాగినా రాదు. అది నా స్తావే. నీకు పని ఖాయమైంది, నా స్తావే. ఒక ఊర్లో నీ ఇల్లు, ఆడే పొయ్యి, ఆడే పడక. నా స్తావే."

"ఇంకోటి?"

"నా జాఫ్‌షే. అది పెద్ద మాట. పెండ్లిలో ఒట్టు పెట్టేది. సమాధి మీద రాసేది."

యుద్ధం మొదట్లో రష్యావాళ్ళు ఆమె కుటుంబాన్ని ఇంట్లోంచి లేపి మంచుదేశానికి తోలారు; అక్కడ పశువుల రైలుపెట్టెల్లోంచి దింపిన అధికారి కూడా ఆ రెండో మాట అర్థం వచ్చేటట్టే చెప్పాడట, ఇంక చచ్చేదాకా మీరిక్కడే అని. "ఆయప్ప చెప్పిన 'ఎప్పటికీ' రెండేండ్లు గూడా లేదు" అని ఆమె పడీపడీ నవ్వింది. నవ్వితే దగ్గొస్తుందని నర్సు వచ్చి నన్ను కోప్పడింది.

నాకు ఆ తేడా సరిగా పట్టుబడలేదు. మనకు శాశ్వతమంటే అన్నిటికీ శాశ్వతమే గదా అనుకున్నాను. అయినా ఆ మాట మా ఇద్దరికీ ఒక ఆటయింది. నేను వెళ్ళగానే ఆమె, "అప్పా, పని నా స్తావే?" అని అడిగేది. ఇంకా లేదమ్మా అనేవాణ్ణి. "నేను గూడా లేదు" అనేది. ఆ తర్వాత తలగడ కింది నుంచి కూతురి ఫోటో తీసి చూపించేది. తొమ్మిదేళ్ళప్పటి ఫోటో. మూడేళ్ళలో ఆ పిల్ల ఎంత పొడుగైందో ఆమెకు తెలియదు. ఒకసారి, "చూస్తే గుర్తుపడతానా?" అని అడిగింది. పెళ్ళికాని వాణ్ణి, ఏం చెప్పాలో తోచక, బిడ్డే మిమ్మల్ని గుర్తుపడుతుంది లేమ్మా అన్నాను.

యుద్ధం అయిపోయింది. ఒక సోమవారం ఆమె స్వయంగా చిత్తూరు ఆఫీసుకు వచ్చింది. ఊపిరితిత్తులు బాగుపడ్డాయని డాక్టరు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది. ఆయాలు జడలో కనకాంబరాలు కూడా పెట్టి పంపించారు. గురువారం పొద్దున రైలెక్కి శిబిరానికి, కూతురి దగ్గరికి పోవాలి. పరాయిదేశస్థులు జిల్లా దాటితే మేము బదిలీ కాగితం ఇవ్వాలి. కాగితం నింపడానికి కూర్చున్నాను. పేరు, వయసు, పోయే చోటు అన్నీ రాశాను. చివరి గడి: జిల్లా విడిచి పోవడం టెంపరరీగానా, పర్మనెంటుగానా?

నా కలం ఆగిపోయింది.

మా ఇంట్లో బియ్యం అయిపోయాయని ఎవరూ అనరు, నిండుకున్నాయంటారు. దీపాన్ని ఆర్పరు, కొండెక్కిస్తారు. గడప దాటే మనిషి పోతానంటే అమ్మ నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, పోయొస్తానని అనిపించి గాని కదలనిచ్చేది కాదు. అట్లాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి. మూడేళ్ళు చావుతో పోరాడి లేచిన మనిషి, తలలో పూలతో, నా ఎదురుగా కూర్చుని ఉంది. ఆమె శాశ్వతంగా వెళ్ళిపోతున్నదని నా చేత్తో రాయాలా? నాకు చెయ్యి రాలేదు. 'టెంపరరీగా' అని గుండ్రని అక్షరాలతో రాశాను. రాసి, మంచిపని చేశానని లోపల సంతోషపడ్డాను కూడా. ఆసుపత్రి నుంచి బయటపడేవాళ్ళు పోయొస్తామని అనకూడదని కూడా మనవాళ్ళే చెబుతారు. ఆ ముక్క ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

అధికారి సంతకం పెట్టాడు. చేతిరాత ఇంగ్లీషు ఆమెకు చదవరాదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, ఆయాలు నేర్పినట్టే "పోయొస్తా అప్పా" అంది. అదిగో, ఆమె నోటా అదే మాట వచ్చింది గదా అని నేను మరీ నిశ్చింతగా ఉండిపోయాను.

గురువారం పది గంటలకు ఆఫీసుకు వచ్చేసరికి హెడ్ గుమాస్తా చేతిలో ఒక తంతి ఉంది. శిబిరం ఆఫీసు నుంచి వచ్చింది. ఇంగ్లండులో ఉన్న సైనికుల దగ్గరికి వాళ్ళ భార్యాబిడ్డలను ఓడలో పంపిస్తున్నారు. జాబితా శనివారంతో ముగుస్తుంది. ఫలానా ఆమె కూతురి పేరు జాబితాలో చేరింది. తల్లి మీ జిల్లా నుంచి పర్మనెంటుగా వచ్చేస్తున్నట్టు కాగితం తెస్తేనే ఆమె పేరు చేరుస్తాం. టెంపరరీగా వచ్చే ఆసుపత్రి రోగుల్ని ఓడ డాక్టరు ఎక్కనివ్వడు. తల్లి లేకపోతే పిల్లను ఇంకో కుటుంబంతో పంపిస్తాం. తంతి సారాంశం ఇది.

"ఏమప్పా, నీ పోలండు దొరసాని కాగితంలో ఏం రాసినావు?" అన్నాడు హెడ్ గుమాస్తా.

"టెంపరరీ అని సార్."

"ఎందుకు?"

చెప్పలేకపోయాను. ఆ పిల్ల ఒక్కతే ఓడెక్కుతుంది, ఈమె నా కాగితం పట్టుకుని రేవులో నిలబడుతుంది. మళ్ళీ ఓడ ఎప్పుడో, ఎవరికి తెలుసు?

ఆయన పొడుం పట్టు పట్టి, నావైపు చూడకుండా అన్నాడు. "సరే, ఇను. ఆయమ్మే అట్ల సెప్పిందని ఫైల్లో నోటు పెట్టు. భాష సరిగా రాని మనిషి. రేపెవరన్నా అడిగినా నీ తప్పు ఉండదు. వచ్చే నెల్లో నీ ఆర్డరు పొడిగించాల, జ్ఞాపకం పెట్టుకో."

నేను వెంటనే, ఛీ అట్లా ఎట్లా రాస్తానని లేచి నిలబడ్డానని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ కూర్చున్నాను. నోటు మొదటి వాక్యం రాశాను కూడా. రెండో వాక్యంలో 'ఆమె కోరిక మేరకు' అని రాయబోయేసరికి, చూస్తే గుర్తుపడతానా అని ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఆ కాగితం చింపేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉంటుందని తెలుసు. అయినా కొత్త బదిలీ కాగితం తీసి, అన్ని గడులూ మళ్ళీ నింపి, చివరి గడిలో పర్మనెంటుగా అని రాశాను.

"అయ్యగారు యాడుండారు సార్?"

"ఐరాలలో. బావి తగాదా విచారణకు పోయినారు."

"దొరసాని బండి?"

"పొద్దన్నే పోయుంటాది. రేణిగుంటలో బొంబాయి బండి సాయంత్రం నాలుగుకు."

నేను చొక్కా సర్దుకుంటుంటే ఆయన బీరువా తెరిచి ఆఫీసు ముద్ర తీశాడు. తన భుజంమీది తువ్వాలులో మూటకట్టి నా చేతిలో పెట్టాడు. "ముద్ర లేని సంతకానికి ఆడ విలువుండదు. ఇది ఆఫీసు గడప దాటగూడదు. పోగొట్టినావంటే నువ్వూ ఇంటికే, నేనూ ఇంటికే. సీక్రం పో" అన్నాడు. రాసిందే నిజమనే మనిషి, ఏ రిజిస్టరులోనూ రాయకుండా ముద్రను బయటికి పంపించాడు. ఆ ఒక్క పనికి ఆయన పొడుం తుమ్ములన్నీ నేను క్షమించేశాను.

ఐరాల బస్సు బొగ్గుతో నడిచేది. యుద్ధంలో పెట్రోలు దొరకక వెనక ఒక పెద్ద డ్రమ్ము బిగించి, బొగ్గు కాల్చి, ఆ పొగతో నడిపించేవాళ్ళు. మిట్ట వస్తే మనుషులు దిగి తోయాలి. ఆ రోజు రెండుచోట్ల తోశాం. ఎప్పుడూ వెనకపడే నేను, ముందుండి తోశాను. కండక్టరు, "ఏందబ్బా, నీకు పెండ్లిసూపులా?" అన్నాడు.

అధికారి చావడిలో కూర్చుని ఉన్నాడు. చుట్టూ బావి తగాదా వాళ్ళు. నేను పక్కకు పిలిచి, తంతి, పాత కాగితం నకలు, కొత్త కాగితం మూడూ చేతిలో పెట్టాను. మొఖానికి మసి, చేతులకు మసి. ఆయన మూడూ చదివాడు.

"ఎందుకు రాసినావు టెంపరరీ అని?"

ఈసారి చెప్పేశాను. "మనిషి ఎదురుగా కూర్చోని ఉంటే, ఇంక తిరిగి రాదని రాసేదానికి చెయ్యి రాలేదు సార్. అపశకునం అనిపించింది."

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కలం మూత తీస్తూ, "నేను చదవకుండా సంతకం పెట్టినాననుకుంటా ఉండావా?" అన్నాడు.

"లేదు సార్."

"చదివినా. బాగానే రాసినాడే పిల్లోడు అనుకున్నా." సంతకం పెట్టాడు. నేను తువ్వాలు విప్పి ముద్ర తీస్తే ఆయన దానివైపు చూసి, చూడనట్టు పక్కకు తిరిగి కూర్చున్నాడు. తర్వాత కరణాన్ని పిలిచి, "నీ సైకిల్ ఈ అబ్బాయికి ఇయ్యి. పాకాల స్టేషన్లో వదుల్తాడు, మనిషిని పంపి తెప్పించుకో" అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను, కానీ సగమే.

ఐరాల నుంచి పాకాల దారి అప్పట్లో దారనడానికి కూడా లేదు. కరణం సైకిలుకు బ్రేకులు లేవు. పల్లాల్లో కాళ్ళు నేలకు రాసుకుంటూ ఆపాను. చెప్పుల్లో ఒకటి ఎక్కడో పోయింది, వెనక్కి చూడలేదు. పాకాలలో బండి కదులుతుండగా ఎక్కాను. తిరుపతిలో గుండు గీయించుకున్న యాత్రికులు పెట్టె నిండా ఎక్కారు. ఒంటికాలి చెప్పుతో, మసి మొఖంతో, తువ్వాలు మూట గుండెలకు పట్టుకుని కూర్చున్న నన్ను చూసి ఒక ముసలామె, ఏ మొక్కు నాయనా అని అడిగింది. పెద్ద మొక్కే అవ్వా అన్నాను.

రేణిగుంటలో బొంబాయి బండి ఇంకా రాలేదు. ఆమె ప్లాట్‌ఫారం చివర రేకుపెట్టె మీద కూర్చుని జామకాయ తింటూ ఉంది. నన్ను చూసింది. లేచి నిలబడింది. చెయ్యి సంచిమీదికి, కాగితాలుండే చోటికి పోయింది. ఆరేళ్ళుగా కాగితాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన ఏ ఆఫీసు మనిషీ ఆమెకు మంచి కబురు తేలేదని అప్పుడు అర్థమైంది.

"ఏమప్పా? పోగూడదా?"

"పోవచ్చమ్మా. పోవాల."

తప్పంతా చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది? "ఈరానులో టెంపరరీ. శిబిరంలో, ఆసుపత్రిలో టెంపరరీ. నువ్వు గూడా అదే రాస్తివా అప్పా?" అంది. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది.

అప్పుడు మా ఇంటి పద్ధతి చెప్పాను. బియ్యం నిండుకోవడం, దీపం కొండెక్కడం, అమ్మ మొట్టికాయ, అన్నీ. శాశ్వతంగా పోయారనే మాట మా ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళకే వాడతామమ్మా, మీకు రాయలేకపోయాను అన్నాను. ఆమె వింటూ వింటూ పెట్టెమీద కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అనుకుంటాను.

"అది నా జాఫ్‌షే అప్పా. సమాధి మాట. నువ్వు దానికి బయపడినావు." కొత్త కాగితంలో చివరి గడిమీద వేలు పెట్టింది. "ఇది నా స్తావే. ఇంటి మాట. మొగుడు, బిడ్డ, పొయ్యి. ఇంత దూరం వచ్చినా, ఈ మాట నాకు రాసిచ్చినోళ్ళు లేరు. సదువు. గట్టిగా సదువు."

చదివాను. పేరు, వయసు, పోయే చోటు, చివరికి ఆ మాట. మనిషి మొఖం చూస్తూ, గట్టిగా. కూలీలు తిరిగి చూశారు. ఆకాశం ఏమీ విరిగి మీద పడలేదు. పాత కాగితం తీసి నాకిచ్చింది, నేను దాన్ని ఎనిమిది ముక్కలు చేశాను.

బండి వచ్చింది. ఆడవాళ్ళ పెట్టెలోకి రేకుపెట్టె ఎక్కించాను. బండి కదిలేముందు ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "పోతా అప్పా" అంది. పోయొస్తా అనలేదు.

"పోమ్మా" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషిని అట్లా సాగనంపడం నాకదే మొదలు.

బండి కనుమరుగయ్యాక అక్కడే బెంచీమీద కూలబడ్డాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. స్టేషన్ బయట నాలుగు దోసెలు తిని, ఇంకో రెండు తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ముద్ర బీరువాలోకి చేరింది. నా ఉద్యోగం పోలేదు. ఆర్డరు ఒకసారి పొడిగించారు, ఆ తర్వాత సెక్షనే ఎత్తేశారు. నేను వేరే చోట ఖాయమవడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. కానీ సెక్షను ఎత్తేసేలోపల ఒక సంగతి మిగిలింది. జిల్లా విడిచి పోయినవాళ్ళ పేరు రిజిస్టరులో ఎర్రసిరాతో కొట్టేయాలి. ఆమె ఓడెక్కిందో లేదో తెలియకుండా నాకు మనసొప్పలేదు. హెడ్ గుమాస్తా, "కొట్టెయ్యప్పా, తనిఖీకి వస్తారు" అంటూనే ఉన్నాడు. రేపు కొడతా సార్ అంటూ వారాలు గడిపాను.

చివరికి ఏడెన్ రేవు ముద్రతో ఒక ఉత్తరం వచ్చింది. రాసింది కూతురు, శిబిరం బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులో. నేను తెలుగు చేస్తూ పైకి చదివాను. 'అయ్యా, అమ్మ రాయమంటే రాస్తున్నాను. మేమిద్దరం ఓడలో ఉన్నాము. స్టేషన్లో అమ్మ నన్ను గుర్తుపట్టలేదు, నేనే పరుగెత్తాను. ఓడ డాక్టరు అమ్మ కాగితం చూసి, మంచిది, పొండి అన్నాడు. అమ్మ పడక కింద, నాది పైన. నిద్రలో కూడా అమ్మ చెయ్యి పైకి చాచి నా కాలు పట్టుకుని ఉంటుంది. నాకు చక్కిలిగిలి, అయినా కదలను.'

హెడ్ గుమాస్తా పొడుం డబ్బీ మూత తీసి, పట్టు పట్టకుండానే మళ్ళీ పెట్టేశాడు. ఎర్రసిరా బుడ్డి నావైపు జరిపాడు. నేను గీత కొట్టాను. ఆయన ఆ గీత ఆరేదాకా చూస్తూ కూర్చుని, "ఇంగోసారి సదువప్పా" అన్నాడు.

మళ్ళీ మొదటినుంచి చదివాను.